తెరచాప తాళ్లను చుక్కాని దగ్గరికి తీసుకురావడం

[దృశ్యం: మైలవరం జలాశయం ఒడ్డు. ట్రెయిలర్ మీద 16 అడుగుల తెరచాప పడవ, నిలబెట్టిన మాస్ట్.]

వ్యాఖ్యాత: నమస్కారం. జమ్మలమడుగు దగ్గర పెన్నా నదిపై ఉన్న మైలవరం జలాశయం ఒడ్డున ఈ వీడియో చిత్రీకరిస్తున్నాం. ఈ పడవలో తెరచాపను ఎత్తే తాడు, అంటే హాల్యార్డ్, తెరచాప స్తంభమైన మాస్ట్ మొదట్లోనే కట్టి ఉంది. పడవలో ఒక్కరే ఉన్నప్పుడు తెరచాపను దించాలంటే చుక్కాని వదిలి, ఊగుతున్న డెక్ మీద పాకుతూ ముందుకు వెళ్లవలసి వస్తుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో రాయలసీమ గాలి బలమెంతో రామగిరి గాలిమరలను చూసినవారికి చెప్పనక్కరలేదు. ఆ గాలి కొండల మధ్య నుంచి వచ్చేచోట ఉన్నట్టుండి దిక్కు కూడా మార్చుకుంటుంది. తెరచాపను తగ్గించక తప్పని ఆ నిమిషంలోనే చుక్కానిని వదలడం అన్నిటికన్నా ప్రమాదం. అందుకే తాళ్లను మనం కూర్చునే కాక్‌పిట్‌కు మళ్లించబోతున్నాం.

ముందుగా ఏ తాళ్లను తేవాలో నిర్ణయించుకోవాలి. అన్నిటినీ తేవాలన్న ఆశ మంచిది కాదు. ముందు తెరచాప చుట్టుకునే రకమైతే దాని హాల్యార్డ్ రోజంతా కదలదు కాబట్టి మాస్ట్ దగ్గరే ఉండనివ్వండి. పెద్ద తెరచాప హాల్యార్డ్‌ను తెచ్చి, తెరచాపను ముడిచి చిన్నది చేసే రీఫ్ తాళ్లను అక్కడే వదిలేస్తే మాత్రం పడిన శ్రమంతా వృథా, ఎందుకంటే ముడవడానికి మళ్లీ ముందుకు వెళ్లవలసిందే. ముడిచేటప్పుడు మాస్ట్ వైపు మూలనూ, బూమ్, అంటే తెరచాప అడుగు అంచు వెంట ఉండే అడ్డకొయ్య, చివరి మూలనూ రెండింటినీ కిందికి లాగాలి. రెంటికీ ఒకే తాడు వాడే పద్ధతి ఉన్నా అందులో మలుపులు ఎక్కువై తాడు బిగుసుకుపోతుంది. ఈ పరిమాణం పడవకు రెండు వేరు తాళ్లే మేలని నా అభిప్రాయం.

[దృశ్యం: మాస్ట్ అడుగున గిలక, దాని గుండా వెనక్కి తిరిగిన తాడు.]

ఇక అసలు విషయం, గిలక మీద పడే భారం. చేదబావిలో బొక్కెన తోడేటప్పుడు గిలకను మోసే దూలం బొక్కెన బరువునూ మన లాగుడునూ కలిపి, అంటే దాదాపు రెండింతలు మోస్తుంది. కపిల తోలిన పెద్దలకు గిలకను నిలిపే కొయ్యలు ఎందుకంత గట్టిగా ఉండాలో తెలుసు. మాస్ట్ వెంట కిందికి దిగిన హాల్యార్డ్ అడుగున 90 డిగ్రీలు తిరిగి వెనక్కి పోతుంది. తాడులో 40 కిలోల బిగువు ఉంటే ఆ గిలక మీద సుమారు 56 కిలోల భారం పడి, దాన్ని పైకీ వెనక్కీ ఏటవాలుగా లాగుతుంది. డెక్‌కు స్క్రూలతో బిగించిన గిలక ఏదో ఒక రోజు స్క్రూలతో సహా ఊడి వస్తుంది. ఈ పడవలో మాస్ట్ డెక్ మీదే నిలబడింది కాబట్టి, గిలకలు తగిలించే రంధ్రాలున్న లోహపు పలకను మాస్ట్ కిందనే పెడుతున్నాం. హాల్యార్డ్ బిగువు మాస్ట్‌ను కిందికి నొక్కుతుంది, గిలక పైకి లాగుతుంది. ఆ రెండూ పలకలోనే సరిపోయి డెక్ పైకి లేవదు.

అక్కడి నుంచి తాడు డెక్ మీద పక్కపక్కనే గిలకలున్న ఆర్గనైజర్ గుండా కొద్దిగా వంగి, గది కప్పు వెనక అంచున, తాడును జారకుండా బిగించి పట్టే క్లచ్‌కు చేరుతుంది. వీటిని నట్టు బోల్టులతో బిగించి, డెక్ కింద వెడల్పైన పలక పెట్టాలి. డెక్ లోపల బాల్సా కర్ర గానీ ప్లైవుడ్ గానీ ఉంటే, 6 మి.మీ. బోల్టుకు ముందు 10 మి.మీ. రంధ్రం చేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 6 మి.మీ. రంధ్రం వేయండి. విసుగు పుట్టించే పనే, కానీ నీరు దిగి లోపలి చెక్క కుళ్లితే ఆ డెక్‌ను బాగుచేయడం దీనికి పదింతల పని.

[దృశ్యం: దుకాణంలో తాళ్ల చుట్టలు.]

బోరు మోటారుకు కట్టే నైలాన్ తాడు దీనికి పనికిరాదు, అది సాగుతుంది. తాడు పొడవు పెరిగినకొద్దీ సాగుడూ పెరుగుతుంది కాబట్టి తక్కువ సాగే 6 మి.మీ. పాలియెస్టర్ అల్లిక తాడు తీసుకోండి. మాస్ట్ ఎత్తు 6.5 మీటర్లయితే దానికి రెట్టింపు 13, క్లచ్ దాకా 2, చేతికి ఒకటిన్నర, మొత్తం 16.5 మీటర్లు కావాలి. ఒక్కో తాడు ఒక్కో రంగులో ఉంటే కంగారులో చేయి తప్పు తాడు మీద పడదు.

ప్రతి మలుపూ కొంత బలం తింటుంది. ఎత్తేటప్పుడు చేతులతో దాన్ని అధిగమించగలం గానీ, దించేటప్పుడు తాడును లాగేది తెరచాప సొంత బరువొక్కటే. అందువల్ల ఒడ్డునే తెరచాప ఎత్తి, క్లచ్ తెరిచి చూడండి. అది తనంతట తాను దిగకపోతే మాస్ట్ గాడిని శుభ్రం చేసి, పొడి సిలికాన్ పూయండి. అప్పటికీ దిగకపోతే తెరచాప పై మూలకు సన్నటి తాడు కట్టి, దాన్ని కూడా వెనక్కి తెచ్చుకోండి.

[దృశ్యం: తెల్లవారుజాము, నీటి మీద పడవ.]

గాలి పలచగా ఉన్న వేళ సాధన చేద్దాం. ముందు బూమ్‌ను పట్టి ఉంచే షీట్‌ను సడలించాలి. హాల్యార్డ్ కొసను చేత్తో పట్టుకున్నాకే క్లచ్ తెరిచి, తాడు మీద దారం చుట్టి పెట్టుకున్న గుర్తు క్లచ్‌ను చేరేదాకా వదలాలి. తరువాత మాస్ట్ వైపు రీఫ్ తాడును లాగి, హాల్యార్డ్‌ను మళ్లీ బిగించి, బూమ్ చివరి తాడును లాగి, షీట్‌ను సవరించుకోవాలి. ఇదంతా చుక్కాని పిడిని మోకాలితో ఆనించి, కూర్చున్న చోటి నుంచే చేయవచ్చు.