శ్రీకాకుళం, విజయనగరం రెండ్రోజుల ట్రిప్పు: రూము ఎక్కడ తీసుకోవాలి?

నమస్కారమండీ. శని, ఆదివారాలు కలుపుకుని శ్రీకాకుళం వైపు వద్దామనుకునేవాళ్ళు చాలామంది మొదట చేసే పని విశాఖలో రూము బుక్ చేసుకోవడం. అక్కడ హోటళ్ళు ఎక్కువ, బీచ్ ఉంది, పెద్ద స్టేషన్ ఉంది, నిజమే. కానీ లెక్క వేసి చూడండి. విశాఖ నుంచి శ్రీకాకుళం హైవే మీద దగ్గర దగ్గర 110 కిలోమీటర్లు. పొద్దున ఏడింటికి బయల్దేరి, దారిలో టిఫినుకి ఆగితే అరసవల్లి చేరేసరికి పది అవుతుంది. దర్శనం చేసుకుని శ్రీకూర్మం వెళ్ళేసరికి పదకొండున్నర. ఆ తర్వాత శ్రీముఖలింగం పోదామంటే గుళ్ళు మూసే వేళ. సాయంత్రం దాకా ఎక్కడో కాలక్షేపం చేసి, చీకటిపడ్డాక లారీల మధ్య మళ్ళీ విశాఖకి. ఒక్క రోజులో ఐదు గంటలు రోడ్డుకే పోయాయి.

అందుకని మర్నాడు పొద్దున ఆరింటికి మీరు ఎక్కడుండాలో ముందు తేల్చుకోండి. రూము ఆ ఊళ్ళోనే తీసుకోండి. మిగతావన్నీ దాని వెనక సర్దుకుంటాయి.

ఇప్పుడు మ్యాప్ చూడండి. అరసవల్లి అంటే శ్రీకాకుళం టౌన్‌ని ఆనుకునే ఉంది. అక్కడి నుంచి గార రోడ్డు పట్టుకుంటే శ్రీకూర్మం పదిహేను కిలోమీటర్ల లోపే. అదే వైపు ఇంకాస్త ముందుకెళ్తే వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు, ఆ పక్కన వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం. ఈ నాలుగూ ఒకే వరస, ఒక్కరోజులో తీరిగ్గా అయిపోతాయి. శాలిహుండం కొండ మీద నీడ తక్కువ. పన్నెండింటికి ఎక్కకండి, సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళి, అటునుంచి అటే బీచ్‌కి దిగండి. శ్రీముఖలింగం మాత్రం వేరే దిక్కు. నరసన్నపేట మీదుగా నలభై అయిదు కిలోమీటర్ల పైమాటే, దానికి రెండో పూట పెట్టుకోవాలి. వీటికోసం వచ్చేవాళ్ళు శ్రీకాకుళం టౌన్‌లో దిగాలి, వేరే ఆలోచన అక్కర్లేదు.

టౌన్‌లో ఎక్కడంటే, ఆర్టీసీ కాంప్లెక్స్, డే అండ్ నైట్ జంక్షన్, ఏడు రోడ్ల జంక్షన్, ఈ చుట్టుపక్కల. రూములోంచి కిందికి దిగితే టిఫిను, మందుల షాపు, అరసవల్లి ఆటో అన్నీ దొరుకుతాయి. హారన్ల గోల ఉంటుంది కాబట్టి రోడ్డు వైపు కాకుండా వెనక వైపు రూము అడగండి. సొంత కారు ఉంటే హైవే పక్కన తీసుకున్నా బాగానే ఉంటుంది, పార్కింగ్ ఇబ్బంది ఉండదు. కారు లేనివాళ్ళకి అక్కడ టీ తాగాలన్నా ఆటోయే.

ఒక్కచోట మాత్రం దాదాపు ప్రతి కొత్తవాళ్ళూ తప్పులో కాలేస్తారు. టికెట్ మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, టౌన్‌కి పదమూడు కిలోమీటర్లు. యాప్‌లో ‘రైల్వే స్టేషన్‌కి దగ్గర’ అని చూసి బుక్ చేస్తే ఆమదాలవలసలో తేలతారు. అర్ధరాత్రి బండి దిగి తెల్లారేదాకా నడుం వాల్చడానికైతే అది మంచిదే, రెండ్రోజులు ఉండటానికి కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో కూడా ఒక శ్రీకాకుళం ఉంది. మ్యాప్‌లో పిన్ ఎక్కడ పడిందో ఓసారి చూసుకుని డబ్బు కట్టండి.

ఇక విజయనగరం. ఇక్కడ స్టేషన్ ఊళ్ళోనే ఉంది, అదే పెద్ద సుఖం. విశాఖ నుంచి రైల్లో గంట, గంటంబావు. కోట, పైడితల్లి గుడి, గంట స్తంభం అన్నీ ఆటో దూరం. రామతీర్థం పన్నెండు కిలోమీటర్లు. బొబ్బిలికి రాయగడ వైపు వెళ్ళే బండి ఎక్కొచ్చు. పనస చెక్కతో వీణ చేసే గొల్లపల్లి ఆ ఊరి పక్కనే. మూడో రోజు అరకు కూడా తగిలిద్దామనుకునేవాళ్ళకి ఒక మాట: అరకు రైలు విజయనగరం రాదు. విశాఖ నుంచి కొత్తవలస, ఎస్.కోట మీదుగా పోతుంది. విజయనగరంలో ఉంటే అరకుకి రోడ్డే గతి, లేదా ముందురోజు రాత్రే విశాఖ చేరాలి.

పలాసలో రూము ఎప్పుడంటే, తేలినీలాపురం పక్షులు, బారువ, ఇచ్ఛాపురం వైపు తిరగాలనుకుంటే. పెలికాన్లు వచ్చేది చలికాలంలోనే, కాబట్టి వేసవిలో వాటికోసం పలాసలో దిగడం దండగ. బీచ్ ఒడ్డునే రాత్రి ఉంటామంటే మాత్రం మేం వద్దనే అంటాం. కళింగపట్నం, బారువ పగలు అందంగా ఉంటాయి, చీకటి పడితే భోజనం దొరకదు, సర్వీసు ఆటోలు ఆగిపోతాయి.

ఊరు తేలింది, ఇప్పుడు తేదీ. ఆదివారం అరసవల్లికి జనం వస్తారు, అది మామూలే. రథసప్తమికి ముందురోజు రాత్రి నుంచే క్యూలు, ఊళ్ళో రూము దొరకడం కష్టం. సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడే మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ అంతే. పైగా మబ్బు పడితే ఆ పూటకి కిరణాలు కనబడవు, కాబట్టి వాటికోసమే వచ్చేవాళ్ళు రెండు పొద్దులు చేతిలో పెట్టుకోవాలి. విజయనగరంలో అయితే పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం, ముందురోజు తొలేళ్ళు. మూడు లాంతర్ల జంక్షన్ నుంచి కోట దాకా సిరిమాను తిరిగే దారి, వాహనాలు కదలనివ్వరు. ఆ దారిలో రూము తీసుకుంటే ఉత్సవం బాగా కనబడుతుంది, మీ కారు మాత్రం ఆ రాత్రికి బయటికి రాదు.

వీటన్నిటికంటే ఎక్కువ దెబ్బ కొట్టేది పెళ్ళి ముహూర్తం. చిన్న టౌన్లలో కాస్త మంచి హోటలంటే కింద ఫంక్షన్ హాలు ఉంటుంది. మంచి ముహూర్తం ఉంటే రూములన్నీ పెళ్ళివారివే, లిఫ్టు దొరకదు, రాత్రి డీజే. యాప్‌లో మీ బుకింగ్ పచ్చగా కనబడుతున్నా, ‘హోటల్లోనే చెల్లిస్తాం’ అని పెట్టినవాళ్ళకి వెళ్ళేసరికి రూము లేదనేస్తారు. పంచాంగం చూసుకోండి. ఆషాఢం, మూఢం రోజుల్లో ఈ బాధ ఉండదు, రేటు కూడా బేరమాడొచ్చు.

యాప్‌లో నచ్చింది కదా అని అక్కడితో ఆగకుండా ముందురోజు నేరుగా రిసెప్షన్‌కి ఫోన్ చేయండి. ‘చెకౌట్ ఇరవై నాలుగు గంటలా, మధ్యాహ్నం పన్నెండా?’ మొదట అడగాల్సింది ఇదే. తెల్లవారుజామున నాలుగింటికి బండి దిగేవాళ్ళకి మధ్యాహ్నం పన్నెండు పద్ధతి అంటే ఎనిమిది గంటలకి ఒక రోజు అద్దె. లాడ్జీల్లో చాలావరకు ఇరవై నాలుగు గంటల లెక్కే, కానీ పేరున్న హోటళ్ళలో అలా ఉండదు. తర్వాత, ‘జనరేటర్ ఏసీకి కూడా వస్తుందా, ఫ్యాను లైటుకేనా?’ జనరేటర్ ఉందా అని అడిగితే ఉందనే అంటారు. మే నెల రాత్రి కరెంటు పోయినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

వేడినీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొద్దున్నే గుడికి వెళ్ళేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. కొన్నిచోట్ల పైన పెద్ద ట్యాంకులో కాచి, ఆరు నుంచి ఎనిమిది దాకానే వదులుతారు. మీరు ఐదింటికి స్నానం చేయాలంటే అది పనికిరాదు, రూములో గీజర్ ఉండాలి. ఉంటే ఎన్ని లీటర్లదో చూడండి, దాని మీదే రాసి ఉంటుంది. పదిహేను లీటర్లదైతే, అరవై డిగ్రీలకి కాగిన నీళ్ళలో చన్నీళ్ళు కలుపుకుంటే ముప్పై అయిదు లీటర్లు, అంటే రెండు బకెట్లు. మళ్ళీ కాగడానికి రెండు కిలోవాట్ల గీజర్‌కి ఇరవై నిమిషాలు. నలుగురున్న కుటుంబం ఐదింటికల్లా తయారవ్వాలంటే నాలుగింటికే స్విచ్ వేయాలి. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ ఉందా, కొళాయి సన్నగా తిప్పి బకెట్ పెట్టి ఓపిక పట్టండి. పూర్తిగా తిప్పితే గోరువెచ్చగా కూడా రావు.

కారు డ్రైవర్‌తో వచ్చేవాళ్ళు అతనికి పడక, బాత్రూం ఉన్నాయా అని కూడా అడగండి. రాత్రంతా సీట్లో ముడుచుకు పడుకున్న మనిషి మర్నాడు హైవే మీద కునుకు తీస్తాడు. టెంపో ట్రావెలర్ అయితే సెల్లార్‌లోకి దిగదు, పార్కింగ్ బయట ఎక్కడో అడగండి.

రూము చూపించాక సంతకం పెట్టే ముందు ఒక్క ఐదు నిమిషాలు. బకెట్‌లో నీళ్ళు పట్టి రంగు, వాసన చూడండి. కమోడ్ ఫ్లష్ నొక్కండి. దుప్పటి ఎత్తి పరుపు చూడండి. ఏసీ వేసి చల్లగాలి వస్తోందో లేదో చూడండి. తలుపు లోపలి గడియ పడుతోందో లేదో చూడండి. ఏది నచ్చకపోయినా ఇంకో రూము అప్పుడే అడగాలి, సామాను సర్దేశాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

ఆధార్ అందరిదీ పెట్టుకోండి. అదే జిల్లా అడ్రస్ ఉన్న కార్డు చూస్తే రూము ఇవ్వని లాడ్జీలున్నాయి, ఫోన్‌లోనే అడిగేయండి. అమెరికా నుంచి వచ్చిన మీ అల్లుడిది విదేశీ పాస్‌పోర్టు అయితే, హోటల్‌వాళ్ళు ఇరవై నాలుగు గంటల్లోపు అతని వివరాలు విదేశీయుల నమోదు వెబ్‌సైట్‌లో దాఖలు చేయాలి. ఆ లాగిన్ లేని లాడ్జి అతన్ని తీసుకోదు.

బిల్లు దగ్గర ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు రూములకి జీఎస్టీ 5 శాతమే. 1,800 రూముకి 90 రూపాయలు, మొత్తం 1,890. పాత అలవాటులో 12 శాతం వేసి 2,016 అంటే బిల్లు మీద అంకె చూపించి అడగండి.

అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్ళు మాత్రం ముందు డబ్బు కట్టేయకండి, రద్దు చేసుకునే వీలున్న బుకింగే తీసుకోండి. అది తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిందంటే ట్రిప్పు వారం వెనక్కి జరపండి.