వెనక్కి బటన్, తువ్వాలు వేసిన సీటు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ చేతిలో పెట్టారు. చదివితే నాకిచ్చిన టైములో సగం అక్కడే చెల్లు. పెద్దలు క్షమించాలి.

డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో ఒక తెర నుంచి ఇంకో తెరకి తిప్పే కంట్రోల్స్, అంటే ట్యాబ్‌లు, బటన్ల లాంటివాటి గురించి చెప్పమన్నారు. ట్యాబ్‌ల గురించి ఒక్క ముక్క. విన్‌ఫామ్స్‌లో, అంటే విండోస్ ప్రోగ్రాములకి తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ వారి పాత సరంజామాలో, వాటిని రెండు వరసలు పెట్టకండి. పై వరసలోది నొక్కితే ఆ వరసంతా కిందికి దిగి కూర్చుంటుంది, ఇందాక చూసిన ట్యాబ్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ట్రీ వ్యూ అని కొమ్మలు కొమ్మలుగా విచ్చుకునే జాబితా గురించీ రాసుకొచ్చాను, వదిలేస్తున్నా. నా బాధంతా వెనక్కి బటన్‌తోనే.

పలాసలో ఒక జీడి వ్యాపారికి డబ్ల్యూపీఎఫ్‌లో ప్రోగ్రాం రాసిచ్చాను. డబ్ల్యూపీఎఫ్ కూడా తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సరంజామానే, 2006లో వాళ్ల డాట్‌నెట్ 3.0తో వచ్చింది. అందులో ఫ్రేమ్ అనే చట్రం పెట్టి పేజీలు తగిలిస్తే, బ్రౌజర్‌లోలాగ ముందుకీ వెనక్కీ వెళ్లే ఏర్పాటు ఊరికే వస్తుంది. ఊరికే వచ్చిందని మురిసిపోయాను. అక్కడ జీడి పిక్కలు 80 కేజీల బస్తాల లెక్కన కొంటారు. గుమస్తా గారు పొద్దుటి నుంచి బస్తాలు ఎక్కించి, ధర చూద్దామని పక్క పేజీకి వెళ్లి, వెనక్కి నొక్కారు. రైతు పేరు పెట్టెలో అలాగే ఉంది. కింద పట్టిక మాత్రం ఖాళీ.

"ఏటి బాబూ, నా బస్తాలెటు పోనాయి?"

తప్పు నాదే. పేజీని దాని అడ్రసుతో పిలిచాను. అలా పిలిస్తే ఫ్రేమ్ అడ్రసు మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది, వెనక్కి రాగానే పేజీని మళ్లీ కొత్తగా పుట్టిస్తుంది. టెక్స్ట్‌బాక్స్‌లో, అంటే టైపు చేసే పెట్టెలో, కొట్టింది తిరిగొస్తుంది గానీ, నేను కోడ్‌లో లిస్టు కట్టి దాచినవి పోతాయి.

వెనక బెంచీ బాబులూ, ఫోన్లు కాస్త పక్కన పెట్టండి. పలాస స్టేషన్లో టీకి దిగేవాడు సీటు మీద తువ్వాలు వేసి దిగుతాడా లేదా? తిరిగొచ్చేసరికి అదే సీటు, అదే సంచి ఉండాలి. నా ప్రోగ్రాం ఏకంగా రైలే మార్చేసి, అదే నంబరు సీటు చూపించింది!

ఆ తువ్వాలు పేరు కీప్‌అలైవ్. పేజీకి దాన్ని ట్రూ అని పెట్టండి, పేజీ బతికే ఉంటుంది. అలాగని అన్ని పేజీలకీ పెట్టేస్తే మెమరీ బరువెక్కుతుంది, రైలంతా తువ్వాళ్లే అవుతాయి. బస్తాల లెక్కను పేజీలో కాక విడిగా ఒక ఆబ్జెక్టులో, అంటే ప్రోగ్రాంలోనే వేరే డబ్బాలో, దాచడం మరీ మేలు. నేను చివరికి అదే చేశాను.

ఆ ప్రోగ్రామే ఇక్కడ తెర మీద ఉంది. నాలుగు వరసలు ఎక్కించాను. ఎవరైనా ముందుకొచ్చి ధర పేజీకి వెళ్లి, వెనక్కి నొక్కండమ్మా. నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.