రోగినే అడగండి

అందరికీ నమస్కారం. పరకాల నుంచి, నర్సంపేట నుంచి, కొందరు ములుగు నుంచి కూడా బస్సులు మారి హనుమకొండ దాకా వచ్చారు, సాయంత్రం బస్సు మళ్లీ పట్టుకోవాలి, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. నేను మానసిక విభాగంలో నర్సుగా చాలా ఏళ్ల నుంచి పనిచేస్తున్నాను. ఇక్కడ ఆశా అక్కలున్నారు, నర్సింగ్ చదువుతున్న పిల్లలున్నారు. మీ అందరికీ నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. రోగి సంగతి ఇంట్లోవాళ్లను అడుగుతారు కదా, అంతకంటే ముందు రోగినే అడగండి.

నేను కొత్తగా చేరిన రోజుల్లో జరిగింది చెప్తా. ఓపీకి ఇరవై ఐదేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. భర్త, అత్త, బావ, ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. "తిండి తింటలేదు మేడం, పని ముడుతలేదు, గోడ దిక్కు చూసుకుంట కూసుంటది, గాలి సోకిందేమోనని రెండుసార్లు మంత్రం కూడ పెట్టించినం." నేనూ రాసుకుంటూ పోయాను. నిద్ర ఎట్లా ఉంది, ఎన్ని రోజుల నుంచి ఇట్లా, చుట్టాల్లో ఇంకెవరికైనా ఉందా, కేస్ షీట్‌లో గడులన్నీ నిండాయి. వాళ్లు లేచి పోతుంటే ఆ అమ్మాయి తలుపు దగ్గర ఆగి, "నన్ను గూడ ఏమన్న అడుగుతరనుకున్న మేడం" అని వెళ్లిపోయింది.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి అందరినీ బయట కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఆమెను అడిగాను. నాలుగు నెలల కింద కాన్పు అయింది, పుట్టిన మూడో రోజు బిడ్డ పోయింది, ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తొద్దని పెద్దవాళ్లు కట్టడి చేశారు, ఎత్తితే ఇంకా రంది పెట్టుకుంటదని. వాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకు తోచిన మంచి వాళ్లు చేశారు. కానీ నేను నింపిన రెండు పేజీల్లో ఆ కాన్పు లేదు, ఆ బిడ్డ లేదు. ఆ పదిహేను రోజులు ఆ అమ్మాయి ఎట్లా గడిపిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మన దిక్కు పేషెంటు ఒంటరిగా రాడు. వెంట నలుగురు వస్తారు, ఆటోకు వాళ్లే ఇస్తారు, రాత్రంతా వాళ్లే కావలి ఉంటారు, కాబట్టి వాళ్లను పక్కకు నెట్టమని నేను అనడం లేదు. ముందు ఒక పది నిమిషాలు పేషెంటుకు ఇవ్వండి, అంతే. "బీపీ చూడాలి, కొంచెంసేపు బయట కూర్చోండి బాపూ" అంటే ఎవరూ కాదనరు. మంచినీళ్లు ఇచ్చి, పేరు పెట్టి పిలిచి, మీరెవరో చెప్పి, "నువ్వు చెప్పింది ఊళ్లో ఎవరికీ చెప్పను, నీ పానానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం డాక్టరుకు చెప్తా" అని ముందే చెప్పేయండి. ఆశా అక్కలకు ఇది ఇంకా ముఖ్యం, మీరు అదే ఊళ్లో, అదే వాడలో ఉంటారు. మీ నోట్లోంచి ఒక్క మాట జారితే ఆ ఇంటి తలుపు మళ్లీ మీకు తెరుచుకోదు.

ఇప్పుడు మాటల సంగతి. "నీకు డిప్రెషన్ ఉందా?" అని అడిగితే "లేదు" అంటారు. అదే మనిషిని "ఏమన్నా రంది పెట్టుకున్నవా అక్కా?" అని అడిగి చూడండి, కళ్లలో నీళ్లు వస్తాయి. రంది అనే మాటలో దుఃఖం ఉంది, దిగులు ఉంది, లోపల తొలుస్తుండే ఆలోచన ఉంది, దానికి సరిపోయే మాట మన పుస్తకాల్లో నాకు కనబడలేదు. చాలామంది అసలు మనసు గురించి చెప్పనే చెప్పరు, ఒంటి గురించి చెప్తారు. కాళ్లు చేతులు గుంజుతున్నాయంటారు, తలకాయ బరువంటారు, ఛాతీలో మంటంటారు, పానం బాగుంటలేదంటారు. బీడీలు చుట్టే అక్కలు మెడనొప్పి, నడుమునొప్పి అని నాలుగైదేళ్లు గోళీలు మింగి మింగి చివరికి మా దగ్గరికి వస్తారు. నొప్పి అబద్ధం అని ఎప్పుడూ అనకండి. నొప్పి నిజమే, దాన్ని పరీక్ష చేయించండి, దాంతోపాటు నిద్ర అడగండి. తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడదు, పొద్దున లేచినప్పుడు మనసు మరీ బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది, ఇదివరకు ఇష్టమైన పని మీదికి ఇప్పుడు మనసు పోదు, ఇట్లాంటివి రెండు వారాలు దాటి ఉన్నాయంటే డాక్టరుకు చూపించాల్సిందే.

మీకు ఇచ్చే తొమ్మిది ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9, అదే అడుగుతుంది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇట్లా ఉందని ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. 10, ఆ పైన వస్తే డాక్టరు దగ్గరికి పంపండి. అది మంచి కాగితం, నేనూ వాడతాను. కానీ దాన్ని జనాభా లెక్కలు రాసుకున్నట్టు గబగబా చదివి టిక్కులు పెట్టకండి, మనిషి ముఖం చూసి మాట్లాడుతూ అడగండి. ఇంకో మాట, ఆ కాగితంలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచన గురించి. చాలామంది దాన్ని వదిలేసి సున్నా వేస్తారు. నేను రికార్డులు తిరగేసినప్పుడల్లా చూస్తుంటాను, ఎనిమిది ప్రశ్నలకు రెండ్లు, మూడ్లు ఉండి తొమ్మిదోదానికి సున్నా ఉంటే నాకు అనుమానమే. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అడిగితే పుట్టదు. దీని మీద ఎన్నో దేశాల్లో చూశారు, అడగడం వల్ల ప్రమాదం పెరగలేదు. నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది పెద్ద ఊపిరి వదిలి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఎట్లా అడగాలో చెప్తా, రాసుకోండి. "ఇంత బాధలో ఉన్నప్పుడు బతుకు మీద యాష్ట వస్తది, నీకు గట్ల అనిపించిందా?" అక్కడ మొదలుపెట్టండి. అవునంటే, "చచ్చిపోవాలని ఆలోచన వచ్చిందా?" అని అదే గొంతుతో, తడబడకుండా అడగండి. దానికీ అవునంటే, "ఎట్లా అని ఏమన్నా అనుకున్నవా? ఇదివరకు ఎప్పుడన్నా ప్రయత్నం చేసినవా? ఇప్పుడు ఇంట్లో పురుగుల మందు ఉందా?" ఉందంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లో నమ్మకమైన ఒకరికి చెప్పండి, ఆ మందు ఆరోజే ఇంట్లోంచి పోవాలి, ఇంకొకరి ఇంట్లో తాళం వేసి పెట్టాలి. 1997-98లో పత్తి పోయి మన వరంగల్ జిల్లాలో రైతులు ఎట్లా రాలిపోయారో ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. అప్పు ఒక కారణం, పంట ఒక కారణం, చేతికందేంత దూరంలో డబ్బా ఉండటం కూడా ఒక కారణమే. చాలాసార్లు ఆ ఆవేశం కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు దాటిస్తే మనిషి నిలబడతాడు. శ్రీలంకలో బాగా విషమున్న పురుగుమందులను 1995 నుంచి ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చారు, ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది.

పోలీసు కేసవుతుందని భయపడి చాలా కుటుంబాలు "పొరపాటున తాగిండు సార్" అని చెప్తాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 115వ సెక్షన్ చెప్పేదేంటంటే, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం, ఆసరా ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. ఈ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఇది ఊళ్లో నలుగురికీ చెప్పండి, నిజం చెప్తేనే సరైన వైద్యం అందుతుంది.

కల్లు గురించి కూడా అడగాలి, ఇది మన ఉత్తర తెలంగాణలో మరీ ముఖ్యం. నిజామాబాద్, కామారెడ్డి దిక్కు కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది. రోజూ అదే తాగే మనిషి ఏదో కారణంతో ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, లేనివి కనబడతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడు ఇట్లాంటివాళ్లు దవాఖానలకు వచ్చారు. ఇంట్లోవాళ్లు "పిచ్చి లేచింది" అంటారు. సారాయి, బ్రాందీ రోజూ తాగేవాళ్లకూ ఇంతే. "తాగుతవా?" అంటే "లేదు" అంటాడు, ఎందుకంటే చాలామందికి కల్లు తాగుడు కిందికే రాదు. "రోజూ ఎన్ని సీసాల కల్లు? చివరిసారి ఎప్పుడు?" అని అడగండి. అట్లాగే పెద్దవయసు మనిషి నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఒక్కసారిగా ఏదేదో మాట్లాడుతుంటే, జ్వరమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం, షుగర్ పడిపోవడమో ఉండొచ్చు, అది ఎమర్జెన్సీ, మానసిక ఓపీ రోజు దాకా ఆగొద్దు. బేజారుగా, నీరసంగా ఉన్న ప్రతి మనిషికీ థైరాయిడ్, రక్తం పరీక్ష చేయించండి.

ఇక పూనకం. ఐనవోలు మల్లన్న జాతరలో, కొమురవెల్లిలో, మేడారంలో శివసత్తులు, అంటే దేవుడు పూనే ఆడవాళ్లు, ఊగుతారు. నర్సింగ్ పిల్లల్లో ఒకరిద్దరు నన్ను అడిగారు, అది జబ్బా అని. జాతరలో, బోనం ముందు, పదిమంది మధ్య దేవుడు వచ్చి, దిగిపోయాక మళ్లీ తన ఇంటి పని తను చేసుకునే ఆమెకు ఏ జబ్బూ లేదు, ఆమెను మనం గౌరవించాలి. అదే మనిషి జాతర అయిపోయి పది రోజులైనా నిద్రపోకుండా మాట్లాడుతూనే ఉందా, తిండి మరిచిందా, ఉన్న డబ్బంతా పంచేస్తోందా? దానికి జవాబు ఆ ఊళ్లో ఉన్న తోటి శివసత్తులనే అడగండి, "ఇది గట్లాంటిది కాదు బిడ్డా" అని వాళ్లే చెప్తారు. దర్గాకు పోతామంటే, తాయెత్తు కట్టించుకుంటామంటే తగాదా పెట్టుకోకండి, తాయెత్తు ఉండనీయండి, గోళీ కూడా వేసుకోనీయండి. గొలుసులతో కట్టేయడం మాత్రం ఎక్కడ జరిగినా నేరం, చట్టంలో 95వ సెక్షన్ దాన్ని నిషేధించింది.

ఇదంతా తెలుసుకుని డాక్టరుకు పంపారు, మందు రాశారు. మన పని అయిపోయిందనుకుంటాం, నిజానికి మనుషులు జారిపోయేది ఇక్కడే. డిప్రెషన్ గోళీల్లో చెడు ముందొస్తుంది, మంచి తర్వాతొస్తుంది. మొదటి వారం కడుపులో తిప్పుడు, తలనొప్పి, మత్తు ఉండొచ్చు, మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇది మొదటి రోజే చెప్పకపోతే ఐదో రోజుకు గోళీలు గూట్లోకి పోతాయి. నయమనిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేది డాక్టరు చెప్పాకే, అదీ మెల్లగా తగ్గించుకుంటూ. ఏటూరునాగారం దిక్కు నుంచి వరంగల్ ఎంజీఎం దవాఖాన దాకా రావాలంటే ఒకరోజు కూలీ పోతుంది, ఇద్దరికి బస్సు కిరాయి. "మందులు ఎందుకు మానేసినవ్?" అని గద్దించే ముందు ఆ లెక్క వేసుకోండి. మీ పీహెచ్‌సీలో అవే గోళీలు దొరికేటట్టు అడిగి పెట్టించండి, పదో రోజు ఒక్క ఫోన్ చేయండి, రెండు నిమిషాలు, "నిద్ర పడుతున్నదా తమ్మీ, కడుపు బాగుందా?" అంతే. ఆ ఫోన్ వల్ల మళ్లీ ఓపీకి వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. రాత్రిపూట మీరు అందుబాటులో లేనప్పుడు టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సాయం ఉంది, 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఏ టైంలోనైనా.

బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే పెద్దవాళ్లలో వందకు పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ అందని మనుషుల ఇంటి గడప దాకా పోయేది మీరే, మేము కాదు.

కొడుకునో కూతురునో ఏళ్ల తరబడి చూసుకుంటున్న తల్లులను కూడా పలకరించండి, "నువ్వు తిన్నవా? నిన్న రాత్రి పడుకున్నవా?" అని. ఆమెకు వికలాంగుల సర్టిఫికెట్ సంగతి తెలియకపోవచ్చు, దీర్ఘకాలం ఉండే మానసిక జబ్బు కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తుంది, క్యాంపు ఎప్పుడుందో కనుక్కుని ఒకసారి వెంట పోండి.

సరే, ఇప్పుడు ఇద్దరు ముందుకు రండి. ఒకరు ఆశా, ఒకరు పేషెంటు. మరో ముగ్గురు ఇంట్లోవాళ్లు, మీరు ఊరికే కూర్చోకండి, అన్నిటికీ మీరే అడ్డం వచ్చి జవాబులు చెప్పండి. ఆశా అక్కా, నీళ్ల గ్లాసు అక్కడుంది. ముందు వాళ్లను బయటికి ఎట్లా పంపుతావో చూద్దాం.