కథానాయికకు దక్కని కథనం

శ్రోతలకు నమస్కారం. నవలలో ఏం జరిగిందన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎవరి కళ్లతో చూస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. 2024లో నోబెల్ సాహిత్య బహుమతి అందుకున్న దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్ 2007లో వెలువరించిన ‘ద వెజిటేరియన్’ నవలనే తీసుకుందాం. యోంగ్‌హే అనే గృహిణి ఒక పీడకల తర్వాత మాంసం మానేస్తుంది. కథంతా ఆమె చుట్టూ తిరిగినా, మూడు భాగాల్లో ఒక్కటి కూడా ఆమె చేతికి రాదు.

మొదటి భాగాన్ని భర్త ఉత్తమ పురుషలో చెబుతాడు. ఏ ప్రత్యేకతా లేని మనిషి కాబట్టే ఆమెను చేసుకున్నానని నిస్సంకోచంగా చెప్పుకుంటాడు. ఆమె నిద్రకు దూరమై చిక్కిపోతుంటే, ఆఫీసు పెద్దల విందులో తన పరువు పోయిందన్నదే అతని దిగులు. తండ్రి ఆమెను చెంపమీద కొట్టి నోట్లో మాంసం కుక్కే ఘట్టాన్ని సైతం మనం ఇతని పక్కన కూర్చునే చూడాలి. మధ్యమధ్య విడిగా వచ్చే కొన్ని పేరాల్లో మాత్రం ఆమె గొంతు వినబడుతుంది: చిన్నప్పుడు తనను కరిచిన కుక్కను తండ్రి మోటారుసైకిలుకు కట్టి చచ్చేదాకా పరుగెత్తించాడనీ, ఆ మాంసం తానూ తిన్నదనీ మనకు తెలిసేది అక్కడే. భర్త చెప్పే కథలో ఆ జ్ఞాపకానికి చోటు లేదు.

రెండో భాగం వీడియో కళాకారుడైన బావ, అంటే యోంగ్‌హే అక్క భర్త చూపులో, ప్రథమ పురుషలో నడుస్తుంది. నా దృష్టిలో ఎక్కువ ప్రమాదం ఇక్కడే ఉంది. ‘నేను’ అంటూ మాట్లాడే భర్తను అనుమానించడం తేలిక. ‘అతడు’ అని మొదలయ్యే వాక్యం తటస్థంగా వినిపిస్తుంది కనుక, ఆమె ఒంటిమీద పువ్వులు చిత్రించే ఆ మనిషి ఆమెను అర్థం చేసుకున్నాడనే భ్రమలో మనమూ పడతాం. నిజానికి అతనికి కావలసింది తన చిత్రం.

మూడో భాగంలో అక్క ఇన్‌హే చెల్లెల్ని చూస్తూ తనను తాను నిలదీసుకుంటుంది. అలసిన తల్లికి బదులుగా తాగివచ్చిన తండ్రికి వండిపెట్టిన పెద్దకూతురిగా తాను దెబ్బలు తప్పించుకుందనీ, అవి చెల్లెలి మీదే పడ్డాయనీ ఆమెకు ఇప్పుడు తట్టింది. అయినా, చెట్టయిపోతున్నానని నమ్మి తిండి మానేసిన చెల్లెలి మనసు ఆ అక్కకు అందదు. రచయిత్రి కూడా అక్కను దాటి లోపలికి వెళ్లదు.