బాగ్-ఏ-ఆమ్: తోటలో మొలిచిన గోడలు

అందరికీ నమస్కారం. పొద్దున్నే నడక మధ్యలో ఆపి వచ్చారు, చెమట ఆరకముందే ముగించేస్తాను.

మన హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పాత పేరు బాగ్-ఏ-ఆమ్. ఆమ్ అంటే మామిడిపండు అని మాత్రమే తెలిసిన వయసులో ఇక్కడ మామిడిచెట్ల కోసం వెతికిన వాణ్ని నేను. ఈ ఆమ్ వేరు. ఇది మామూలు జనం తోట. మూసీకి ఇవతల, పాత నగరం గోడ బయట, 19వ శతాబ్దంలో నిజాంలు వేయించారు.

తోట తీరు మారడం నాకు తెలిసి టౌన్‌హాల్‌తో మొదలైంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 40వ పుట్టినరోజు గుర్తుగా జనం చందాలు వేసుకున్నారు. 1905లో పని మొదలై 1913లో పూర్తయింది. అదే తర్వాత అసెంబ్లీ అయింది. చందాలిచ్చిన వాళ్ల మునిమనవలు ఇవాళ లోపలికి వెళ్లాలంటే పాస్ చూపించాలి! జూబ్లీహాల్ కూడా 1913 నాటిదే. 1937లో ఏడో నిజాం రజతోత్సవం అక్కడే జరిగింది. మ్యూజియం, షాహీ మసీదు కూడా ఈ తోటలోనే లేచాయి.

ఇక జూ. ఈ తోటలో జంతువులుండేవంటే మా మనవడు నమ్మడు. మా అమ్మ మాత్రం పల్లీల పొట్లం పట్టుకుని బోనుల ముందు నిలబడ్డ సంగతి చివరిదాకా చెప్పేది. 1963లో మీరాలం చెరువు పక్కన కొత్త జూ తెరిచాక జంతువులు అటు వెళ్లిపోయాయి. మరి తోటకు చోటు మిగిలిందా? 1966లో జవహర్ బాలభవన్ వచ్చింది. లలితకళాతోరణం అనే ఆరుబయలు రంగస్థలం వచ్చింది.

వీటిలో ఏదీ చెడ్డది కాదండీ, చిక్కల్లా అదే. బాలభవన్ వద్దని ఎవరంటారు? మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసి అమ్మ కొంగు పట్టుకోని పిల్లలున్నారా? కానీ ఒక్కో మంచి పనీ తనతోపాటు ఒక ప్రహరీ, ఒక గేటు, కార్లకు కాస్త జాగా తెచ్చుకుంది. మనకు మిగిలింది వాటి మధ్య సందులు. తిన్నగా పోయే దారి ఉన్నట్టుండి వంకర తిరుగుతుంది, చెట్టు కోసం కాదు, కంచె కోసం.

ఇక లేవండి, కలిసి ఒక రౌండ్ వేద్దాం. మలుపు వచ్చినప్పుడల్లా పక్కనున్న గోడ ఎవరిదో చూసుకుంటూ నడవండి. టీ గేటు దగ్గర చెప్పాను.