పక్కింటి పొయ్యి

సభకు నమస్కారం.

గుంటూరులో దిగి వారమైంది. ఈ వారంలో కనీసం పదిమంది అడిగారు: "అక్కడేం తింటారమ్మా పాపం, ఆ బ్రెడ్డు ముక్కలేనా?" ప్రేమతో అడిగే మాటే. 1998లో నన్ను అమెరికాలోని హ్యూస్టన్ పంపేటప్పుడు మా అమ్మ కూడా ఇదే బెంగతో ఐదు కిలోల ఆవకాయ కట్టింది. ఆ ప్రేమకు దణ్ణం. కానీ ఆ మాట నిజం కాదని చెప్పాలనే ఈరోజు మీ ముందుకొచ్చాను.

అమెరికా తిండి అనగానే మనకు గుర్తొచ్చేది బర్గర్, పిజ్జా, కూల్‌డ్రింకు. ఆ దేశం నుంచి మన ఊళ్ళకు వచ్చిన దుకాణాలు అవే కదా. అక్కడివాళ్ళకూ మన తిండి అంటే బటర్ చికెన్, నాన్. ఉలవచారు సంగతి వాళ్ళకేం తెలుసు? హోటల్ బోర్డులు చూసి ఒక దేశం వంటను తేల్చేస్తే, ఇళ్ళలో ఉడికేది ఎవరికీ కనపడదు. నాకూ ఆరేళ్ళు కనపడలేదు. పెరట్లో నేను వేసిన బెండమొక్కలే నాకు దారి చూపించాయి.

మా పక్కింట్లో ఒక నల్లజాతి పెద్దావిడ ఉంటారు. వాళ్ళది అమెరికా దక్షిణాదిలోని లూసియానా రాష్ట్రం. ఒకరోజు కంచె దగ్గరకొచ్చి, "లేతగా ఉన్నాయి, రేపటికి ముదిరిపోతాయి, కొయ్యి" అన్నారు. మా అమ్మ గొంతు విన్నట్టయింది. మర్నాడు వాళ్ళ వంటింట్లో నిలబడి, గంబో అనే వాళ్ళ పులుసు చెయ్యడం చూశాను. ఇనప మూకుట్లో నూనె, మైదాపిండి వేసి, సన్నసెగ మీద ముప్పావుగంట చెక్కగరిటెతో కలుపుతూనే ఉన్నారు. ఫోను మోగినా తల తిప్పలేదు. ఒక్క నిమిషం వదిలితే మాడుతుంది, మాడితే పారబొయ్యడమే. తెల్లపిండి పాత చింతపండు రంగుకొచ్చాక ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం ముక్కలు వేశారు. ఆ తర్వాత నీళ్ళు, బెండకాయ చక్రాలు, చివర్లో రొయ్యలు. తినేది అన్నంలోకే. మనం పులుసు కలుపుకున్నట్టే.

గంబో అన్న పేరు ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చిందంటారు. ఓడల్లో బానిసలుగా మోసుకొచ్చిన మనుషులు తమ తిండిని మరిచిపోలేదు. అమెరికా దక్షిణాదిలో బెండకాయ, బొబ్బర్లు వాళ్ళవల్లే నిలబడ్డాయి. కరోలినా తీరంలో వరి పండించిన చేతులు వాళ్ళవి, ఆ నేర్పులో చాలా భాగం కూడా వాళ్ళదే. మనం సూట్‌కేసులో పచ్చడి పెట్టుకుని వెళ్ళాం. వాళ్ళకు సూట్‌కేసు లేదు. ఇంటి తిండి మీద బెంగ అని మనం ఈ రోజు మాట్లాడుకుంటున్నామే, దాని బరువు నాకు ఆ వంటింట్లో తెలిసింది.

ఆ తర్వాత జనవరి 1న ఆవిడ గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. బొబ్బర్లు, అన్నం, పక్కన కాలర్డ్ ఆకుకూర. బొబ్బర్లు నాణేలట, ఆకుకూర నోట్లట, ఏడాది పొడుగునా చేతిలో డబ్బు ఆడాలని ఆ రోజు తింటారట. మేం పందిమాంసం తినమని, పొగబెట్టిన టర్కీ కోడి ముక్క వేసి ఉడికించి తెచ్చారు.

ఇక "వాళ్ళ తిండికి కారం ఉండదు" అనే మాట. మిర్చి యార్డున్న ఊళ్ళో ఈ మాట చెప్పడం నాకెంతో ఇష్టం: మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండమే! మెక్సికో ప్రాంతంలో వేల ఏళ్ళుగా పండిస్తుంటే, దాదాపు 500 ఏళ్ళ కింద పోర్చుగీసువాళ్ళు మన తీరానికి తెచ్చారు. అంతకుముందు మన కారం ఎక్కువగా మిరియాలదే. వేరుశనగ, టమాటా, జామ, జీడిపప్పు కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. ఇప్పటికీ న్యూమెక్సికో రాష్ట్రంలో వేసవి ముగిసే రోజుల్లో వీధి పక్కన పచ్చిమిరపకాయలు కాలుస్తుంటే ఆ ఘాటు దూరానికే తెలుస్తుంది. అక్కడ హోటల్లో కూర్చుంటే ముందు అడిగేది, "ఎర్రదా, పచ్చదా?" అని.

అలాగని నాకు బెంగ తీరిందా? లేదు. ఆవకాయ డబ్బాలో తీసుకెళ్ళొచ్చు, పచ్చి కరివేపాకు రెమ్మ మాత్రం విమానంలో తీసుకెళ్ళకూడదు. నారింజ తోటల్ని చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది కాబట్టి ఆ నిబంధన. కారణం తెలిశాక కోపం పోయింది కానీ పోపు పెట్టినప్పుడల్లా ఆ వెలితి ఉంటుంది. మామిడిపళ్ళదీ అంతే. 1989 నుంచి 2007 దాకా మన పండు ఆ దేశంలోకి రానేలేదు. నేను వెళ్ళాక తొమ్మిది వేసవులు బంగినపల్లి వాసన లేకుండానే గడిచాయి.

గోంగూర మాత్రం పెరట్లోనే వేసుకున్నాను. హ్యూస్టన్ ఎండకు నడుమెత్తు పెరుగుతుంది, మంచు పడ్డ రాత్రికి నల్లబడిపోతుంది. మొదటి కోత పక్కింటికే ఇచ్చాను. ఆవిడ ఒక ఆకు నమిలి, కళ్ళు చికిలించి, మారుమాట లేకుండా లోపలికి వెళ్ళి కాలర్డ్ వండినట్టే టర్కీ ముక్కతో వండేశారు. నేను దాన్ని వేడన్నంలో కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తిన్నాను.

నేనిక్కడికి బయల్దేరే ముందు మొక్కలు మోకాలెత్తున్నాయి. నిన్న రాత్రి ఆవిడే ఫోన్ చేసి, ఆకు ముదురుతోంది, కొయ్యమంటావా అని అడిగారు. కొయ్యమన్నాను.