కమ్యూనిటీ కాలేజీ నుంచి శాన్ హోసే స్టేట్‌కు: ముందుగా చూడాల్సిన పేజీ

నమస్కారం. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల కోర్సులుండే స్థానిక కాలేజీలో, చేరుతున్న తెలుగు పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఈ వీడియో. ఆ పేరు వినగానే మన ఇళ్లలో కొందరి ముఖం చిన్నబోతుంది. ఎందుకండీ? రెండేళ్లు అక్కడ, మిగతా రెండేళ్లు శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో చదివినా చేతికొచ్చేది శాన్ హోసే స్టేట్ పట్టానే. ఫీజు భారం మాత్రం బాగా తగ్గుతుంది.

ఇప్పుడు నా స్క్రీన్ చూడండి. ఇది అసిస్ట్ డాట్ ఆర్గ్, ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకు సాటో చూపే వెబ్‌సైటు. విద్యా సంవత్సరం, మీ కాలేజీ, చేరాలనుకునే యూనివర్సిటీ, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఎంచుకోండి. నేను ఫ్రీమాంట్‌లోని ఓలోనీ కాలేజీ ఎంచుకున్నాను. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు దానికి సాటిగా లెక్కించే ఓలోనీ కోర్సు. కుడివైపు రెండు కోర్సుల మధ్య 'అండ్' కనిపిస్తే రెండూ పూర్తి చేయాల్సిందే, ఒకటి చదివి ఆపితే లెక్కలోకి రాదు. సాటి కోర్సు లేదని ఉంటే, కూపర్టినోలోని డి ఆంజా లాంటి దగ్గరి కాలేజీలో ఉందేమో వెతకండి. ఈ పని మొదటి సెమిస్టరు కోర్సులు ఎంచుకోకముందే చేయాలి. దయచేసి వాయిదా వేయకండి.

యూనివర్సిటీకి బదిలీకి 60 సెమిస్టరు యూనిట్లు (కోర్సులకు ఇచ్చే క్రెడిట్లు) కావాలి. వాటిలో రచన, ప్రసంగం, తార్కిక ఆలోచన, గణితం తప్పనిసరి. నాలుగింటిలోనూ గ్రేడు సి మైనస్‌కు తగ్గకూడదు.

2010లో వచ్చిన చట్టంతో ట్రాన్స్‌ఫర్ కోసమే ప్రత్యేకంగా ఒక అసోసియేట్ డిగ్రీ (కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీ) ఏర్పడింది. అది పూర్తి చేసి, అర్హతలన్నీ ఉన్నవారికి శాన్ హోసే స్టేట్ కూడా ఉన్న కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. కోరిన క్యాంపస్, కోరిన మేజర్ దొరుకుతాయన్న హామీ మాత్రం లేదు. శాన్ హోసేలో కంప్యూటర్ సైన్స్‌కు పోటీ తీవ్రం, అందుకే మరో రెండు క్యాంపస్‌లకూ దరఖాస్తు చేయండి. ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టరు) దరఖాస్తులు అంతకు ముందు ఏడాది అక్టోబరు 1న మొదలవుతాయి.

సీటు వచ్చాక అసలు బెంగ ఒంటరితనం. తోటివాళ్లకు అప్పటికే రెండేళ్ల స్నేహాలు ఉంటాయి. చాలామంది ఇంటి నుంచే వచ్చిపోతారు. ఫ్రీమాంట్ నుంచి శాన్ హోసేలోని బెర్రియెస్సా స్టేషన్ దాకా బార్ట్ రైలు, అక్కడి నుంచి బస్సు. క్లాసు అవగానే ఆ బస్సెక్కకండి. నగరమూ యూనివర్సిటీ కలిసి నడిపే కింగ్ లైబ్రరీలో కూర్చోండి. మొదటి నెలలోనే ఒక క్లబ్బులో చేరండి. ప్రొఫెసర్‌ను ఆఫీసు వేళల్లో కలవండి. ఏడాది తిరిగేసరికి సిఫారసు లేఖ కావాల్సి వస్తుంది, ముఖపరిచయం లేనివారు ఏం రాస్తారు?

అమ్మానాన్నలకు ఒక మనవి. పిల్లలు ఇంట్లోనే ఉంటున్నా, వారంలో రెండు సాయంత్రాలైనా వాళ్లను క్యాంపస్‌లోనే గడపనివ్వండి.